నిలుతెప్ప తల్లి: సముద్రానికి వెళ్లని తెప్ప కథ

నిలుతెప్పపేటకు రావాలంటే పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, సరుగుడు తోటల మధ్య ఇసుక దారిన నడవాలి. ఆటోలు వస్తాయి గాని, చివరి మలుపులో చక్రాలు ఇసుకలో దిగబడి భక్తులే దిగి తోయవలసి వస్తుంది. అంచేత ఆ కాస్త దూరం నడవడమే మేలు. తోటలు దాటగానే మొగ కనిపిస్తుంది. చిట్టేరు సముద్రంలో కలిసే చోటును మావాళ్లు మొగ అంటారు. అక్కడ ఏటి నీరూ సముద్రపు నీరూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ముచ్చటగా ఉంది కదా అని సెల్‌ఫోన్లు పట్టుకొని అందులోకి దిగే మహానుభావులకు ఆలయ కమిటీ తరఫున ఒకటే మనవి: దిగకండి. బోర్డు పెట్టాం, తాడు కట్టాం, అయినా దిగుతున్నారు. అడిగితే "మాకు ఈత వచ్చు" అంటారు. ఈ మొగలో పోయినవాళ్లందరికీ ఈత వచ్చు నాయనా.

తల్లి గుడి చిన్నది. గోపురం లేదు, ద్వారం సముద్రం వైపు ఉంటుంది. లోపల విగ్రహం కూడా లేదు. ఇసుకలో నిలువుగా పాతుకొని ఉన్న ఒక కొయ్య దుంగ, దానికి పసుపు, కుంకుమ, వెండి కళ్లు, అంతే. కొత్తగా వచ్చినవారు లోపలికి తొంగి చూసి "అమ్మవారేరీ?" అని పూజారిని అడుగుతుంటారు. ఆ దుంగే అమ్మవారు. ఆమె అక్కడ అలా ఎందుకు నిలబడిందో భక్తులకు తెలియడం కోసమే ఈ చిన్న పుస్తకం. మా పెద్దలు చెప్పినది చెప్పినట్టు రాశాను. ఈ కథలోని దండాసి దాయాదుల వంశంవారు ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు, వారికి చదివి వినిపించాకే అచ్చుకు ఇచ్చాను.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఎక్కడినుంచో వలలు భుజాన వేసుకొని వచ్చిన కొన్ని కుటుంబాలు ఈ ఒడ్డున తాటాకు పాకలు వేసుకున్నాయి. చేపకు లోటు లేదు గాని మొగ పరమ దుర్మార్గంగా ఉండేది. సముద్రంలో పగలంతా క్షేమంగా తిరిగిన మనిషి, తీరా ఒడ్డు కనబడే వేళకు మొగలో పల్టీ కొట్టేవాడు. ఇంట్లో ఆడవాళ్లు చూస్తుండగానే పోయేవాడు. అలా చాలామంది పోయాక, తెల్లవారుజామున ఒక పెద్దాయనకు, వాళ్లు కొలిచే పోలమ్మ తల్లి కలలో కనిపించిందట. "నాకు కోడి వద్దు, పొట్టేలు వద్దు. మీరు వేటకెళ్లిన ప్రతిరోజూ ఒక తెప్పను కట్టు విప్పకుండా ఒడ్డునే ఉంచండి. అందులో నేను కూర్చుంటాను" అని చెప్పిందట.

ఇక్కడ తెప్ప సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో తెప్ప అంటే కొబ్బరి తాళ్లతో కలిపి కట్టిన కొయ్య దుంగలు. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి, దుంగలను విడివిడిగా ఎండబెట్టాలి. లేకపోతే నీరు పట్టి బరువెక్కిపోతాయి. మళ్లీ కట్టాలంటే నలుగురు మనుషులు కూర్చొని ఓపిగ్గా బిగించాలి. మొగలో మునుగుతున్నవాడు అంతసేపు ఆగలేడు కదా! అందుకే తల్లి కట్టిన తెప్పనే ఉంచమంది. అదే నిలుతెప్ప. దాని ముందు దుంగకు కుంకుమ రాసి, అందులో వంతుల వారీగా నలుగురు మగవాళ్లు కూర్చునేవారు. వేటకెళ్లిన ప్రతి తెప్పా వారికి కొంత చేప ఇచ్చేది. ఊరికే కూర్చున్నారని ఎవరూ ఈసడించేవారు కాదు.

ఈ ఒడ్డునే దండాసి పుట్టాడు. మీసాలు వచ్చే వయసుకే తల్లీ తండ్రీ పోయారు. అతని భార్య అసిరమ్మ కాపురానికి వచ్చేసరికి ఇంట్లో ఇంకా బొడ్డూడని మరిది ఒకడున్నాడు, వాడే గురవయ్య. అసిరమ్మకు పిల్లలు కలగలేదు. గురవయ్యే ఆమెకు బిడ్డ. వాడికి అన్నం పెట్టింది ఆమె, వాడికి జ్వరమొస్తే మేలుకున్నది ఆమె. వాడికి మాత్రం లోకంలో అన్న తరవాతే ఎవరైనా. దండాసి ఇసుకలో నడిచిన అడుగుల్లోనే వాడు అడుగులు వేసుకుంటూ తిరిగేవాడట.

దండాసి వయసులో ఉండగా ఒక కార్తీకంలో సముద్రం పొంగింది. ఊరి పెద్ద కారయ్య తెప్ప మొగలో తిరగబడింది. ఆ రోజు నిలుతెప్ప వంతు దండాసిది. అతనితో కూర్చున్న ముగ్గురూ కెరటాలను చూసి కదల్లేదు. "ఇప్పుడెళ్తే మనమూ పోతాం" అన్నారు. దండాసి వారిని తెప్ప మీద నుంచి దింపేశాడు. "నాను పోను. సముద్రానికి అంత దమ్ము లేదు" అని ఒంటరిగా తెప్పను నీళ్లలోకి తోశాడు. ఒడ్డున ఆడవాళ్లు గుండెలు పట్టుకొని చూస్తున్నారు. తెప్ప కెరటం మీద నిట్టనిలువుగా లేచింది, కనబడకుండా పోయింది, మళ్లీ లేచింది. చివరికి కారయ్యతో సహా అందరినీ వేసుకొని దండాసి ఒడ్డుకు వచ్చాడు. వచ్చి, ఒళ్లు కూడా తుడుచుకోకుండా నవ్వాడు. ఆ నవ్వుకు ఊరు ఊరంతా పడిపోయింది.

నిజం చెప్పుకోవాలి. ఆ ధైర్యం లేకపోతే ఆ వేళ కారయ్య బతికేవాడు కాదు. దండాసి ధైర్యాన్ని తప్పు పడితే నోరు పడిపోతుంది. తరవాత కూడా ఆ ధైర్యమే ఊరిని నిలబెట్టింది. ఎవరూ వెళ్లని దూరాలకు వెళ్లి చేపల గుంపులు చూసుకొని వచ్చాడు. పక్క ఊరి దొర మనుషులు ఒడ్డు తమదంటూ కర్రలతో వస్తే, చేతిలో ఏమీ లేకుండా ఎదురెళ్లి నిలబడ్డాడు. వాళ్లు కాసేపు అతని మొహంలోకి చూసి వెనక్కు తిరిగారు. ఎందుకు తిరిగారని అడిగితే వాళ్లకే తెలియదంటారు. కారయ్య తన పెద్దరికపు కర్రను తానే తెచ్చి దండాసి చేతిలో పెట్టాడు.

కర్ర చేతికి వచ్చాక మాత్రం ఒక మార్పు మొదలైంది. మునుపు దండాసి పొద్దున్నే ఒడ్డున నిలబడి మబ్బును చూసేవాడు, కెరటాన్ని చూసేవాడు, నలుగురినీ అడిగేవాడు. ఊరి పెద్దయ్యాక చూడటం మానేశాడు, ఆ తరవాత అడగడం మానేశాడు. ఎవరైనా "ఇయాల వద్దేమో" అంటే వాడు పిరికివాడు. రెండోసారి అంటే వాడు ఓర్వలేనివాడు. పాపం, జనం కూడా ఏం చేస్తారు? అతను అన్నదల్లా జరుగుతోంది. అతనితో వెళ్లిన తెప్పలు నిండి వస్తున్నాయి. క్రమంగా ఆ మాట అనేవాళ్లే లేకుండా పోయారు. ఊళ్లో అందరికీ హాయిగానే ఉంది, ఒక్క అసిరమ్మకు తప్ప. ఆమె మొగుడి వెనక నడుస్తున్న గురవయ్యను చూసి లోలోపల బెంగపడేది.

ఒక రోజు దండాసి వేటకు బయలుదేరుతూ వెనక్కు తిరిగి నిలుతెప్పను చూశాడు. అందులో కూర్చున్న నలుగురినీ చూశాడు. మొహం మాడిపోయింది.

"ఎవుల కోసం కూకున్నారు?" అని అడిగాడు.

"ఎప్పుడూ ఉన్నదే కదన్నా" అన్నారు వాళ్లు.

"నాను ముందు నడస్తన్నాను. నా ఎనక ఈ తెప్పెట్టుకొని కూకుంటే ఏటర్థం? దండాసి మునిగిపోతాడని ఎదురుసూస్తన్నారా?"

ఎంతమాట! అలాంటి అర్థం ఎవరి మనసులోనూ లేదు. కాని అతనికి అలాగే తోచింది. తనను కారయ్య ముందు, ఊరి ముందు మనిషిని చేసిన తెప్పే ఇప్పుడు తన మీద నమ్మకం లేదని చెబుతున్నట్టు కనబడింది. ముసలి కారయ్య ఊతకర్ర పట్టుకొని వచ్చి "ఒరే దండాసీ, అది తల్లి కూకున్న తెప్పరా" అన్నాడు. దండాసి నవ్వేశాడు. "తల్లికి ఒడ్డున పనేటి తాతా? నాతో వేటకి రమ్మను. నా తెప్పంత బద్రం ఇంకెక్కడుంది?" అన్నాడు. కొందరు నవ్వారు కూడా. ఆ రోజే కుంకుమ రాసిన తెప్పను నీళ్లలోకి తోశారు. దాన్ని నడపమని గురవయ్యకే అప్పగించాడు.

ఆ రోజు ఏమీ కాలేదు. మరునాడూ ఏమీ కాలేదు. ఏడాది పొడుగునా ఏమీ కాలేదు. ఇదే ఈ కథలో నాకు ఒళ్లు మండే సంగతి. ఆ మొదటి రోజే చిన్న దెబ్బ తగిలి ఉంటే ఆ మనిషి ఆగేవాడేమో. ఏమీ కాకపోవడంతో ఒడ్డున తెప్ప నిలపడం దండగని ఊరంతా అనుకుంది. నిలుతెప్ప ఉండే చోట ఇసుక చదునైపోయి, అక్కడ వలలు ఆరేసుకోవడం మొదలుపెట్టారు.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఆ ఉదయం గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా మొగలో కెరటాలు ఎత్తుగా, ఒకదాని వెనక ఒకటి మెల్లగా వస్తున్నాయి. గాలి లేకుండా కెరటం లేస్తే ఎక్కడో దూరాన తుపాను ఉన్నట్టు. ఇది మా ఒడ్డున పుట్టిన ప్రతివారికీ తెలుసు, దండాసికీ తెలుసు. కాని అదే ఉదయం కానాగంత చేపల గుంపు దగ్గరలోనే ఉందని కబురు వచ్చింది. దండాసి అన్ని తెప్పలనూ కట్టమన్నాడు.

గురవయ్య తాడు బిగిస్తూ తలెత్తి అన్నాడు: "అన్నియ్యా, ఇయాల ఒక్కరోజు నా తెప్ప ఉంచేస్తాను. మొగ బాగులేదు."

అందరూ పని ఆపి చూశారు. అన్న మాటకు వాడు ఎదురు చెప్పడం అదే మొదలు. అసిరమ్మ కూడా ముందుకొచ్చింది. "మావా, ఆడు సెప్పింది ఇను. ఒక్క తెప్పే కదా. నీ కాల్లట్టుకుంటాను" అంది.

దండాసికి ఆ మాటలో తుపాను వినబడలేదు. అందరి ముందూ తన తమ్ముడే తనను నమ్మలేదన్నది ఒక్కటే వినబడింది. "బయమైతే మీ వదిన కొంగట్టుకొని పాకలో కూకో. నా తమ్ముడని మాత్రం సెప్పుకోకు" అన్నాడు. గురవయ్య మొహం ఎర్రబడిపోయింది. తెప్పను తనే ముందుగా నీళ్లలోకి తోశాడు. అసిరమ్మ మోకాలిలోతు నీటిదాకా వెంట వెళ్లి, వాడు తిరిగి చూస్తాడేమోనని నిలబడింది. వాడు చూడలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం రంగు మారింది. గాలి వచ్చింది. ఆడవాళ్లంతా ఒడ్డుకు చేరారు. తెప్పలు ఒక్కొక్కటే కనబడసాగాయి. మొగ అప్పటికే తెల్లగా ఉడికిపోతోంది. కొన్ని తెప్పలు ఏటికి అవతల దూరంగా ఇసుక మీదికి కొట్టుకుపోయాయి. మనుషులు బతికారు గాని, ఏరు దాటి ఇవతలికి రాలేరు. కొన్ని ఇవతలి ఒడ్డుకే వచ్చి పడ్డాయి, తాళ్లు తెగి, దుంగలు చెల్లాచెదురై. దండాసి తన తెప్పను అతి లాఘవంగా మొగ దాటించాడు. అంతటి సముద్రంలో అలా దాటించినవాడు ముందూ లేడు, తరవాతా లేడు. కాని ఆఖరి కెరటం ఆ తెప్పను ఎత్తి ఇసుక మీద కొట్టింది. తాళ్లు తెగి దుంగలు నాలుగు వైపులకు దొర్లాయి. అతను లేచి నిలబడి వెనక్కు చూశాడు. గురవయ్య తెప్ప మొగ నడుమ తిరగబడింది.

వాడూ వాడితో ఉన్నవారూ ఒక్క దుంగను పట్టుకొని వేలాడుతున్నారు. ఒడ్డుకు వాళ్ల తలలు కనబడుతున్నాయి. దండాసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కారయ్యను కాపాడిన నాటి ఒడుపు అతని ఒంట్లో అలాగే ఉంది, ధైర్యం చెక్కుచెదరలేదు. పరుగెత్తాడు. ఎక్కడికి పరుగెత్తాడు? నిలుతెప్ప ఉండే చోటికి. అక్కడ ఆరేసిన వలలు తప్ప ఏమీ లేవు.

అతను ఆ ఇసుకను చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో గాని, ఆ మొహం చూసినవాళ్లు బతికినన్నాళ్లూ మరచిపోలేదట. తరవాత ఉత్త చేతులతో సముద్రంలోకి దూకాడు. కెరటం ఒడ్డుకు విసిరేసింది. మళ్లీ దూకాడు, మళ్లీ విసిరేసింది. నోట్లో ఇసుక, నుదుటి మీద రక్తం. చివరికి నీళ్లలోంచి పాక్కుంటూ వచ్చి, అందరివైపు చేతులు చాపి, "ఏటి సెయ్యాలో సెప్పండర్రా!" అని ఏడ్చాడు. పెద్దరికం చేతికి వచ్చాక అతను ఒకరిని అడగడం అదే మొదటిసారి.

అప్పటికే అసిరమ్మ దుంగలు ఈడ్చుకొస్తోంది. చెప్పడానికి టైము లేదు. తక్కిన ఆడవాళ్లూ, ఒడ్డున పడ్డ మగవాళ్లూ తెగిన తాళ్లు ఏరారు. తాళ్లు చాలక చీరలు చింపారు, వలల అంచు తాళ్లు కోశారు. కారయ్య ముడులు వేశాడు. తడి తాడు బిగియదు. బిగించినకొద్దీ జారుతుంది. ఒకవైపు వాళ్ల వేళ్లు కోసుకుపోతున్నాయి, మరోవైపు నీళ్లలో కనబడుతున్న తలలు ఒకసారి లేచి ఒకసారి మునుగుతున్నాయి. తెప్ప కట్టడం పూర్తయింది. దండాసి దాన్ని తోసుకుంటూ వెళ్లాడు. ఆ వంకర తెప్ప మీద, ఆ మొగలో, వాళ్లను చేరుకున్నాడు.

ముగ్గురు దొరికారు. గురవయ్య దొరకలేదు.

ఒడ్డుకు వచ్చాక ఆ ముగ్గురిలో ఒకడు చెప్పాడు. దుంగ అందరినీ మోయలేక మునుగుతుంటే గురవయ్య దాన్ని వదిలేసి, పక్కన ఈదుతూ ఉన్నాడట. "పట్టు ఒదలకండిరా, మా అన్నొస్తాడు. మా అన్న వచ్చి తీరతాడు" అని, కనబడినంతసేపూ అంటూనే ఉన్నాడట. అసిరమ్మ ఆ మాట విని, దండాసి ఎదుట కూర్చొని, "ఆడు నిన్ను ఆకరికాడా నమ్మేడు మావా" అంది. తిట్టలేదు, కొట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని దండాసి ముసలితనంలో కూడా అనేవాడట.

మరునాడు పొద్దున్న సముద్రం తగ్గింది. గురవయ్యను కెరటాలు ఒడ్డుకు చేర్చాయి. అతని పక్కనే, పూర్వం నిలుతెప్ప ఉండే చోట, కుంకుమ పూసిన ఆ ముందు దుంగ ఇసుకలో నిలువుగా దిగబడి ఉంది. ఊళ్లో మగవాళ్లంతా కలిసి లాగినా రాలేదు. ఇప్పుడు మీరు దర్శించుకుంటున్నది ఆ దుంగనే.

దండాసి కర్రను కారయ్య పాదాల దగ్గర పెట్టి, తనను ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నాడు. ఊరు అలాగే అనుకుంది. కాని మరుసటి తెల్లవారుజామున అసిరమ్మకు తల్లి కలలోకి వచ్చింది. అసిరమ్మ ఊరుకోలేదు, కలలోనే నిలదీసింది. "నీ తెప్ప మీదే కదమ్మా నా బిడ్డ వెల్లాడు! నువ్వేం సేసేవు?" అంది. దానికి తల్లి ఇలా బదులిచ్చింది: "నేను ఆ తెప్ప ఎక్కలేదే. ఒడ్డునే ఉన్నాను. వాడు మునుగుతుంటే వెళ్దామని లేచాను. వెళ్లడానికి తెప్ప లేదు." ఇది చెబుతూ తల్లి ఏడ్చిందంటారు. మళ్లీ, "దండాసిని పొమ్మనకండి. తెప్ప కట్టి అందులో కూర్చోబెట్టండి. వాడు ఇంక వేటకు వెళ్లకూడదు" అని ఆజ్ఞాపించింది.

అలాగే చేశారు. కొత్త నిలుతెప్ప కట్టి దండాసిని అందులో కూర్చోబెట్టారు. మొదటి రోజు తక్కిన తెప్పలన్నీ మొగ దాటి వెళ్తుంటే అతను చూడలేక తల వంచుకున్నాడు. అసిరమ్మ అంబలి ముంత తెచ్చి అతని చేతికిచ్చి, పక్కన నిలబడి అడిగింది: "మావా, అందరూ నువ్వు లేకుండానే ఎల్లిపోనారు. సముద్రం ఆగిందేటి?" దండాసి తల ఎత్తి, సముద్రాన్ని చూసి, "లేదే, ఆగలేదు" అన్నాడు. తరవాత అంబలి తాగాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్లు అతను ఆ తెప్పలోనే పగళ్లు గడిపాడు. మొగలో పల్టీ కొట్టినవారిని ఎందరినో ఒడ్డుకు చేర్చాడు. చేర్చిన ప్రతిసారీ ఇంటికెళ్లి అసిరమ్మకు ఆ మనిషి పేరు చెప్పేవాడట.

ఇప్పుడు మావాళ్లవి ఇంజన్ పడవలు. తెప్పలు పోయాయి. అయినా ఆచారం తప్పలేదు. వేటకు వెళ్లే ప్రతిరోజూ ఒక పడవ ఇంజన్ సిద్ధం చేసుకొని తల్లి గుడి ఎదుట నిలబడుతుంది. దానికి మొక్కుకుంటే ప్రయాణాల్లో ఆపదలు తొలగుతాయని, దూరదేశం వెళ్లినవారు క్షేమంగా తిరిగి వస్తారని భక్తుల నమ్మకం. కార్తీకంలో ఆడపడుచులు గురవయ్య పేరున మొగలో దీపాలు వదులుతారు.

ఊరికి కొత్త పెద్దను ఎన్నుకున్నప్పుడు ఇంకొక ఆచారం ఉంది. కర్ర అందుకున్న రోజున ఆయన వేటకు వెళ్లకూడదు. నిలుపడవలో ఒంటరిగా కూర్చొని, అందరూ వెళ్లిపోవడం చూడాలి. తరవాత మొగలో మనిషిని పోగొట్టుకున్న ఇంటి ఆడమనిషి ఒకామె అంబలి ముంత తీసుకొని వస్తుంది. "పెద్దా, నువ్వు లేకుండా సముద్రం ఆగిందా?" అని ఊరంతా వినేలా అడుగుతుంది. ఆయన జవాబు చెప్పేదాకా అంబలి చేతికివ్వదు.

కిందటిసారి కర్ర అందుకున్న కుర్రవాడు గట్టివాడు, చదువుకున్నవాడు, మాటకారి. ప్రశ్న వినగానే అతనికి నవ్వొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అడిగిన మనిషి నవ్వలేదు. అంతకుముందు ఏడాదే ఆమె కొడుకు మొగలో పోయాడు. ఆమె ముంత పట్టుకొని అలాగే నిలబడింది. కుర్రవాడు ఆమె మొహం చూశాడు, నవ్వు ఆపేశాడు. పడవ దిగి వచ్చి, ఆమె ఎదుట ఇసుకలో నిలబడి, "లేదమ్మా, ఆగలేదు" అన్నాడు. ఆమె ముంత ఇచ్చింది. అతను తాగి, మళ్లీ వెళ్లి పడవలో కూర్చున్నాడు. చీకటి పడే వేళకు ఆఖరి పడవ ఒడ్డు చేరేదాకా లేవలేదు.